అన్నీ "అనుమతే" అయితే ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగులో "అనుమతి" అనే ఒక్క మాటతో చాలా దూరం వెళ్లిపోవచ్చు. ఇంగ్లీషులో మెయిలో, దరఖాస్తో రాయడానికి కూర్చున్నప్పుడే అసలు తంటా మొదలవుతుంది: అప్రూవల్ అనాలా, పర్మిషన్ అనాలా, శాంక్షన్ అంటే తప్పా, కన్సెంట్ అంటే మరీ కోర్టు భాషలా ఉంటుందా అని. పత్రాలు అనువాదం చేయడం, ఇతరులు రాసినవి దిద్దడం నా పని కాబట్టి ఈ ప్రశ్నలు నాకు వస్తూనే ఉంటాయి. ఎక్కువసార్లు వచ్చినవి ఇక్కడ పెట్టాను.

పర్మిషన్‌కీ అప్రూవల్‌కీ తేడా ఏంటి? రెండూ ఒకటే కదా?

కాదు. పర్మిషన్ ఒక మనిషికి, అతను చేయబోయే పనికి ఇచ్చేది. అప్రూవల్ ముందు పెట్టిన వస్తువుకి దొరికేది, అంటే ఒక ప్లానుకో, బడ్జెట్‌కో, డిజైన్‌కో, ముసాయిదాకో. పర్మిషన్ ఇచ్చేవాళ్లు "చేసుకో, నేను అడ్డం రాను" అంటున్నారు, అంతే. ఆ పని మంచిదని వాళ్లు అనుకోనక్కర్లేదు. అప్రూవ్ చేసేవాళ్లు మాత్రం "చూశాను, బాగుంది" అని తమ మాట కూడా దానికి జత చేస్తున్నారు, రేపు అది బెడిసికొడితే ఆ మాట వాళ్ల మెడకి చుట్టుకుంటుంది కూడా. మూలాల్లోనే ఈ తేడా ఉంది. అప్రూవ్ అనే మాట లాటిన్‌లో "మంచిది" అనే అర్థమున్న ప్రోబుస్ నుంచి వచ్చింది, పర్మిట్‌కి మూలం "గుండా పోనివ్వడం".

ఏ మాట వాడాలో తేలనప్పుడు నేను డిక్షనరీ తీయను, ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇది దొరక్కపోతే ఏమవుతుంది? పర్మిషన్ దొరక్కపోతే ఆ పని చేయకూడదు. అప్రూవల్ దొరక్కపోతే మీ కాగితం ఇంకా ముసాయిదానే. ఆథరైజేషన్ లేకపోతే, పని ఎంత బాగా చేసినా చేసినవాడికి ఆ అధికారమే లేదు. కన్సెంట్ లేకపోతే ఇంకొకరి హక్కు మీద చెయ్యి వేసినట్టు. కింద చెప్పేదంతా దాదాపు ఈ నాలుగు గీతల చుట్టూనే తిరుగుతుంది.

అప్రూవ్ తర్వాత "ఆఫ్" పెడితే అర్థం మారుతుందా?

పూర్తిగా మారుతుంది, పైగా ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కమిటీ బడ్జెట్‌ని అప్రూవ్ చేసింది అంటే సంతకం పెట్టింది, పని అయిపోయింది. తండ్రి కొడుకు పెళ్లిని "అప్రూవ్ ఆఫ్" చేయలేదు అంటే ఆయనకి ఆ పెళ్లి నచ్చలేదు. ఆయన సంతకం ఎవరూ అడగలేదు, పెళ్లి జరిగిపోయి ఉండొచ్చు కూడా. ఆఫ్ లేనిది అధికారం, ఆఫ్ ఉన్నది అభిప్రాయం. మేనేజర్‌కి రాసే మెయిల్‌లో "దయచేసి నా ప్రపోజల్‌ని అప్రూవ్ ఆఫ్ చేయండి" అని రాశారనుకోండి, మీరు అడిగింది ఆమోదం కాదు, ప్రపోజల్ మీద కాస్త ఇష్టం పెంచుకోమని! చదివేవాళ్లు అర్థం చేసుకుంటారనుకోండి, కానీ నవ్వుకుంటారు.

లెట్, అలౌ, పర్మిట్: ఎప్పుడు ఏది?

అర్థం దగ్గరదగ్గరే, మర్యాద వేరు. లెట్ ఇంట్లో మాట, అలౌ ఎక్కడైనా చెల్లుతుంది, పర్మిట్ బోర్డుల మీదా రూల్స్ పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. వ్యాకరణంలో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: లెట్ తర్వాత క్రియ ముందు "టు" రాదు, అలౌ, పర్మిట్ తర్వాత వస్తుంది. ఇంకోటి, "నన్ను వెళ్లనిచ్చారు" అని కర్మణిలో చెప్పాలంటే లెట్ పనికిరాదు, అలౌడ్ అనో పర్మిటెడ్ అనో మార్చుకోవాలి.

పర్మిట్, పర్మిషన్, లైసెన్స్ మూడూ ఒకే కాగితమా?

పర్మిషన్ అసలు కాగితమే కాదు, నోటితోనూ ఇవ్వొచ్చు. పర్మిట్ అంటే ఆ పర్మిషన్‌కి రుజువుగా చేతికొచ్చే కాగితం, అందుకే దాన్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టొచ్చు. పర్మిషన్‌ని మామూలుగా అలా లెక్కపెట్టరు. నామవాచకంగా పలికేటప్పుడు పర్మిట్‌లో ఒత్తు మొదటి అక్షరం మీద పడుతుంది, క్రియ అయితే రెండో దాని మీద.

పర్మిట్ సాధారణంగా ఒక పనికో, ఒక చోటుకో, కొంత కాలానికో ఇస్తారు. లైసెన్స్ అలా కాదు, దానిలో మీ అర్హత కూడా కలిసి ఉంటుంది. మీరు పరీక్ష రాశారు, నేర్చుకున్నారు, కాబట్టి ఇతరులకి నిషిద్ధమైన పనిని మీరు చేస్తూ పోవచ్చు. డాక్టర్లకీ పైలట్లకీ డ్రైవర్లకీ ఉండేది లైసెన్స్. చెట్టు కొట్టడానికో, రోడ్డు తవ్వడానికో ఇచ్చేది పర్మిట్. ఈ గీత అన్ని చోట్లా ఇంత శుభ్రంగా ఉండదు, ఆయుధాల విషయంలో ఒక దేశం పర్మిట్ అన్నదాన్నే ఇంకో దేశం లైసెన్స్ అంటుంది. ఫారం మీద ఏ మాట ఉందో అదే రాయండి, మన తెలివి చూపించాల్సిన చోటు అది కాదు.

స్పెల్లింగ్ గురించి కూడా అడుగుతుంటారు: బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి సి, క్రియకి ఎస్, అమెరికన్ పద్ధతిలో రెండింటికీ ఎస్సే.

సాఫ్ట్‌వేర్, ఫొటోలు, పాటల విషయంలో లైసెన్స్ అంటే ఇంకో సంగతి. అక్కడ అర్హతతో పనిలేదు, సొంతదారు "ఇది నాదే, కానీ ఈ షరతుల మీద నువ్వు వాడుకో" అంటాడు. ప్రోగ్రామ్ కొన్నాం అనుకుంటాం గానీ చాలాసార్లు మనం కొన్నది లైసెన్సే.

ఆథరైజ్ అంటే పర్మిషన్ ఇవ్వడమే కదా?

పర్మిషన్ కన్నా ఒక మెట్టు ఎక్కువ. పర్మిషన్ ఇస్తే మీ పని మీరు చేసుకుంటారు. ఆథరైజ్ చేస్తే మీరు ఇచ్చినవాళ్ల తరఫున చేస్తున్నారు, మీ చేతిలో ఉన్నది వాళ్ల అధికారం. కంపెనీ చెక్కు మీద ఆథరైజ్డ్ సిగ్నేటరీ సంతకం పెడితే కంపెనీ పెట్టినట్టే. సంతకం పెట్టడానికి ఆయనకి పర్మిషన్ ఉంది అంటే ఆ అర్థం రాదు, ఎవరి పెన్నో వాడుకోనిచ్చినట్టు ఉంటుంది.

ఈ మాటకీ అప్రూవల్‌కీ మధ్య దూరాన్ని ప్రపంచమంతా ఒకసారి కళ్లారా చూసింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఫైజర్ కోవిడ్ టీకాకి 2020 డిసెంబర్ 11న ఇచ్చింది ఎమర్జెన్సీ యూజ్ ఆథరైజేషన్. పూర్తి అప్రూవల్ వచ్చింది 2021 ఆగస్టు 23న, అది కూడా మొదట 16 ఏళ్లు, ఆపైన వయసువాళ్లకే. మధ్యలో ఎనిమిది నెలలు. మొదటిదాని అర్థం, ఇది అత్యవసర పరిస్థితి, ఇప్పుడున్న ఆధారాల ప్రకారం ప్రమాదం కన్నా ప్రయోజనం ఎక్కువ అనిపిస్తోంది కాబట్టి వాడొచ్చు అని. రెండోదాని అర్థం, పూర్తి వివరాలు తెప్పించుకుని పరిశీలించాం, మామూలు రోజుల్లో వేసే కొలబద్దకే ఇది నిలబడింది అని. మన వార్తల్లో రెండుసార్లూ దాదాపు ఒకే హెడ్డింగ్ కనిపించింది, "టీకాకు అనుమతి". తప్పని అనలేం గానీ, ఆగస్టులో అది చదివినవాళ్లకి "అదేంటి, పోయిన సంవత్సరమే ఇచ్చారు కదా" అనిపించడం సహజం.

కంప్యూటర్లలో ఆథరైజేషన్, ఆథెంటికేషన్ అని రెండు ఉంటాయే?

ఆథెంటికేషన్ అంటే నువ్వెవరో తేల్చడం, పాస్‌వర్డ్, ఓటీపీ వగైరా. ఆథరైజేషన్ అంటే ఎవరో తేలాక నీకు ఏ గదుల తాళాలు ఇవ్వాలో చూడడం. తమాషా ఏంటంటే ఈ రెండింటినీ ఇంటర్నెట్టే కలిపేసింది. వెబ్‌సైట్లు పంపే 401 అనే ఎర్రర్ పేరు "అనాథరైజ్డ్", కానీ దాని అసలు అర్థం నువ్వెవరో ఇంకా తేలలేదు, లాగిన్ అవ్వు అని. నువ్వెవరో తెలుసు గానీ ఇది నీకు ఇవ్వం అనడానికి 403 ఉంది, దాని పేరు "ఫర్బిడెన్". పేరు పెట్టిన రోజే పొరపాటు పడింది, ఇక మార్చలేరు.

క్లియరెన్స్ అంటే?

దారిలో అడ్డం లేదని తేల్చడం. బాగుందనీ కాదు, మంచిదనీ కాదు. వైద్య పరికరాల విషయంలో ఎఫ్‌డీఏ "క్లియర్డ్" అనే మాటనీ "అప్రూవ్డ్" అనే మాటనీ విడివిడిగా వాడుతుంది. పరికరం ఇప్పటికే చట్టబద్ధంగా మార్కెట్లో ఉన్న మరోదానికి తగినంత సాటిగా ఉందని చూపిస్తే క్లియర్డ్. ప్రమాదం ఎక్కువుండే పరికరాలకైతే భద్రతకీ పనితనానికీ నేరుగా రుజువులు పెట్టాలి, అప్పుడు అప్రూవ్డ్. క్లియర్డ్ అయిన వస్తువుని అప్రూవ్డ్ అని ప్రచారం చేసుకోకూడదు. అనువాదంలో రెండింటికీ "ఆమోదం" అని పెట్టేస్తే ఆ గీత మాయమైపోతుంది. నేనైతే క్లియరెన్స్‌ని అలాగే ఉంచేస్తాను.

ఈ మాట ఎంత పదునైనదో విమానాలవాళ్లకి తెలుసు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయంలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది చనిపోయారు. దట్టమైన పొగమంచు. అప్పటికి ఒక విమానానికి దొరికింది రూట్ క్లియరెన్స్, అంటే గాల్లోకి లేచాక ఏ దారిన పోవాలో చెప్పేది. ఆ వాక్యంలో "టేకాఫ్ తర్వాత కుడివైపు తిరగండి" అన్నట్టుగా టేకాఫ్ అనే మాట ఉంది. రన్‌వే మీద కదలడానికి కావాల్సిన టేకాఫ్ క్లియరెన్స్ వేరే, అది ఇంకా రాలేదు. కెప్టెన్ బయలుదేరిపోయాడు. కంట్రోలర్ "ఓకే" అని మొదలుపెట్టి, ఆగండి, నేను పిలుస్తాను అని చెప్పాడు గానీ అదే క్షణంలో అవతలి విమానం నుంచి కూడా మాట రావడంతో రేడియోలో కీచుమని చప్పుడొచ్చి ఆ తర్వాతి ముక్క సరిగా వినపడలేదు. పొగమంచు, అలసట, తొందర, ఇంకా చాలా కారణాలు కలిశాయి, నిజమే. కానీ ఆ తర్వాత రేడియో భాషని మార్చారు. టేకాఫ్ అనే మాటని ఇప్పుడు దానికి క్లియరెన్స్ ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప పలకరు, మిగతా చోట్ల "డిపార్చర్" అంటారు. మాటల మధ్య సన్న తేడాల గురించి ఎందుకింత పట్టింపు అని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఇదే.

శాంక్షన్ అంటే మంజూరా, శిక్షా?

రెండూ. దీన్ని నేను ఉట్టినే చెప్పడం లేదు, ఒకసారి దెబ్బ తిన్నాను. ఒక సంస్థ కోసం ఎగుమతుల ఒప్పందం అనువాదం చేస్తూ "శాంక్షన్డ్ దేశాలు" అన్న చోట "ఆమోదం పొందిన దేశాలు" అని పెట్టేశాను. అక్కడ అర్థం ఆంక్షలకి గురైన దేశాలు, అంటే సరుకు పంపకూడని దేశాలు. నా అనువాదం ప్రకారం పోతే సరిగ్గా పంపకూడని చోట్లకే పంపాలి! అచ్చుకి వెళ్లేముందు ఇంకొకరు చదివారు కాబట్టి బతికిపోయాను, ఆ రాత్రి పడ్డ టెన్షన్ మాత్రం ఇప్పటికీ గుర్తే.

ఒకే మాటకి ఎదురుబొదురు అర్థాలు ఎలా వచ్చాయంటే, లాటిన్ మూలానికి అర్థం పవిత్రమైనదిగా, ఉల్లంఘించరానిదిగా చేయడం. సెయింట్ అనే మాటకీ దీనికీ చుట్టరికం ఉంది. ఒక శాసనాన్ని అలా కట్టుదిట్టం చేయాలంటే రెండు పనులు చేయాలి, దానికి ఆమోద ముద్ర వేయాలి, మీరినవాళ్లకి శిక్ష పెట్టాలి. ముద్ర ఒక కొమ్మగా, శిక్ష ఇంకో కొమ్మగా పెరిగాయి. 1935లో ఇథియోపియా మీద దాడి చేసిన ఇటలీ మీద నానాజాతి సమితి ఆర్థిక శాంక్షన్లు పెట్టింది. ఈ రోజు పత్రికల్లో కనిపించేది ఎక్కువగా ఆ రెండో కొమ్మే.

గుర్తుపట్టే పద్ధతి చెప్తాను, నూటికి నూరు కాకపోయినా చాలావరకు పనిచేస్తుంది. బహువచనంలో శాంక్షన్స్ అంటే దాదాపు ఎప్పుడూ ఆంక్షలే. దేశాన్నో బ్యాంకునో మనిషినో శాంక్షన్ చేశారంటే శిక్ష. ఖర్చునో పోస్టునో సెలవునో శాంక్షన్ చేశారంటే మంజూరు. "లోన్ శాంక్షన్ అయింది" అని మనం తెలుగులో హాయిగా అంటాం, ఇబ్బందేం లేదు, కానీ బయటి దేశంవాళ్లకి రాసేటప్పుడు లోన్‌కి అప్రూవ్డ్ అనీ, సెలవుకి గ్రాంటెడ్ అనీ రాయడం మేలు. చదివేవాళ్లు ఒక్క క్షణం కూడా ఉలిక్కిపడరు.

కన్సెంట్ ఎప్పుడు వాడాలి?

ఇచ్చే మనిషి పై అధికారి కాకుండా హక్కుదారు అయినప్పుడు. ఆపరేషన్‌కి ముందు రోగి ఇచ్చేది కన్సెంట్, పర్మిషన్ అన్నా అర్థమవుతుంది గానీ బరువు తగ్గుతుంది. శరీరం తనది, సమాచారం తనది, ఫొటో తనది, ఇల్లు తనది, అలాంటి చోట కన్సెంట్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ వైద్యుల విచారణ నుంచి 1947లో పుట్టిన న్యూరెంబర్గ్ కోడ్ మొదటి సూత్రమే ఇది: మనుషుల మీద ప్రయోగం చేయాలంటే వాళ్ల స్వచ్ఛందమైన కన్సెంట్ ఉండి తీరాలి. అక్కడ పైవాడి అనుమతి ఎంత పెద్దదైనా లెక్కలోకి రాదు, అందుకే ఆ మాటే ఎంచుకున్నారు. తెలుగులో దీనికి "సమ్మతి" బాగా అతుకుతుంది, "అనుమతి" అతకదు.

మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, లాటిన్‌లో కూడా ఊరుకున్నవాడు ఒప్పుకున్నట్టే అనే సామెత ఉంది. వైద్యంలో, పరిశోధనలో మాత్రం ఆ సామెతని నమ్ముకోకండి. అడగాలి, అర్థమయ్యేలా చెప్పాలి, మనిషి ఔను అనాలి.

మరి అసెంట్?

దీన్ని రోజువారీ ఉత్తరాల్లో వాడకండి. బిల్లు చట్టం కావడానికి రాజో రాణో గవర్నరో వేసే చివరి ముద్ర అది. బ్రిటన్‌లో రాయల్ అసెంట్‌ని చివరిసారి నిరాకరించింది 1708లో, స్కాట్లాండ్ పౌరసేన బిల్లు మీద, ఆన్ రాణి. నిరాకరించడానికి వాళ్లు వాడే పాత ఫ్రెంచి వాక్యం నాకు భలే ఇష్టం. అందులో "కాదు" అనే మాటే ఉండదు, "రాణిగారు ఆలోచిస్తారు" అని ఉంటుంది. ఏ ఆఫీసులోనైనా "చూద్దాం లెండి" అనిపించుకున్నవాళ్లకి ఇది వేరే విప్పి చెప్పక్కర్లేదు.

వైద్య పరిశోధనలో మాత్రం అసెంట్‌కి వేరే పని ఉంది: చిన్నపిల్లలు చట్టప్రకారం కన్సెంట్ ఇవ్వలేరు, అది తల్లిదండ్రులు ఇస్తారు, పిల్లలు చెప్పే ఔనుని అసెంట్ అంటారు.

సంతకం అయిపోయాక మళ్లీ రాటిఫై చేయడం ఎందుకు?

సంతకం పెట్టినవాళ్లు ఇంటికెళ్లి ఇంట్లోవాళ్లని అడగాలి కాబట్టి. రాటిఫై అంటే ఒకరు ముందే చేసొచ్చినదాన్ని అసలు అధికారం ఉన్నవాళ్లు ఖాయం చేయడం. మొదటి ప్రపంచ యుద్ధాన్ని ముగించిన వెర్సాయ్ సంధి మీద 1919 జూన్ 28న సంతకాలయ్యాయి, దాని కోసం అంత తిరిగిన అధ్యక్షుడు వుడ్రో విల్సన్ ఇంటికొచ్చాక అమెరికా సెనేట్ 1919 నవంబర్‌లో ఒకసారి, 1920 మార్చిలో ఇంకోసారి దాన్ని తోసిపుచ్చింది. అమెరికా నానాజాతి సమితిలో ఎప్పటికీ చేరలేదు. నిక్కచ్చిగా చెప్పాలంటే సెనేట్ రాటిఫై చేయదు, సలహా, సమ్మతి ఇస్తుంది, ఆ తర్వాత రాటిఫై చేసేది అధ్యక్షుడు. పత్రికలు దీన్ని పట్టించుకోవు, మీరు పరీక్ష రాస్తుంటే పట్టించుకోండి.

ముందే చేయాల్సిన ఆమోదానికి రాటిఫై వాడకూడదు. పని జరిగిపోయాక "పోనీలే, ఒప్పుకుంటున్నాం" అనే చోటే అది సరిపోతుంది.

ఎండార్స్, సర్టిఫై, అక్రెడిట్?

ఎండార్స్ అంటే వెనకాల నిలబడడం, అక్షరాలా కూడా అంతే, కాగితం వీపు మీద సంతకం చేయడం నుంచి వచ్చింది, చెక్కు వెనక ఇప్పటికీ చేస్తున్నాం. నాయకుడు అభ్యర్థిని ఎండార్స్ చేస్తే మద్దతు పలికాడని, అనుమతి ఇచ్చాడని కాదు. సర్టిఫై అంటే ఇది నిజం, ఇది ప్రమాణానికి సరిపోయింది అని సాక్ష్యం చెప్పడం. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పని చేసే హక్కు రాదు, దానికి చాలా వృత్తుల్లో లైసెన్స్ వేరే కావాలి. సర్టిఫై చేసే సంస్థల్నీ కాలేజీల్నీ మరెవరో పరీక్షించి వీళ్లని నమ్మొచ్చు అంటే అది అక్రెడిటేషన్.

నో అబ్జెక్షన్ అంటే అప్రూవలే అనుకోవచ్చా?

అనుకోకండి. నాకు అభ్యంతరం లేదు అన్నవాళ్లు మీ పనికి బాధ్యత తీసుకోలేదు. ఈ తేడాని కేథలిక్ చర్చి చాలాకాలంగా పాటిస్తోంది. మతగ్రంథం అచ్చు వేయాలంటే ముందు పరిశీలకుడు "నిహిల్ ఆబ్‌స్టాట్" అంటాడు, అంటే అడ్డేమీ లేదు అని, ఆ తర్వాతే బిషప్ "ఇంప్రిమాతుర్" అంటాడు, అచ్చు వేయవచ్చు అని. ఇద్దరు మనుషులు, రెండు మాటలు. మొదటిది మన ఎన్‌ఓసీకి తాతలాంటిది. ఎన్‌ఓసీ చేతికొచ్చిందని పని మొదలుపెట్టేవాళ్లు రెండో మాట ఎవరు చెప్పాలో ఒకసారి కనుక్కోవడం మంచిది.

లీవ్ అంటే సెలవు కదా, కోర్టు వార్తల్లో "లీవ్ టు అపీల్" అని ఎందుకుంటుంది?

ఎందుకంటే లీవ్ అసలు అర్థం అనుమతే. వదిలి వెళ్లడం అనే లీవ్ వేరే మూలం నుంచి వచ్చిన వేరే మాట, ఇద్దరూ ఒకేలా తయారయ్యారు, అంతే. ఉద్యోగంలో లీవ్ అంటే రాకుండా ఉండడానికి దొరికిన అనుమతి. కోర్టులో లీవ్ అంటే అప్పీలు వేసుకోవడానికి దొరికిన అనుమతి. ఇది తెలుగువాళ్లకి కొత్తగా అనిపించక్కర్లేదు, మన "సెలవు" కూడా అచ్చం ఇలాగే నడిచింది. "సెలవిస్తే వెళ్లొస్తాను" అన్నప్పుడు సెలవు అంటే అనుమతి, "పెద్దాయన అలా సెలవిచ్చారు" అన్నప్పుడు ఆజ్ఞ, "రేపు సెలవు" అన్నప్పుడు పని లేని రోజు.

మెయిల్‌కి "నోటెడ్" అని రిప్లై వచ్చింది. ఒప్పుకున్నట్టేనా?

లేదు, చూశారు అని మాత్రమే. ఒకప్పుడైతే చూడడమే ఒప్పుకోవడం: వీసా అంటే లాటిన్‌లో "చూసినది", మనకి ఫార్సీ మీదుగా వచ్చిన "మంజూరు" కూడా అరబీలో "చూడబడినది" అనే అర్థమున్న మాటే. ఇప్పుడు ఆ రోజులు లేవు. ఇంకో మెయిల్ పెట్టి, "అప్రూవ్డ్ అనుకుని మొదలుపెట్టమంటారా?" అని సూటిగా అడిగేయండి.